టీకా దుష్ప్రభావాల పోస్టు గ్రూపులోకి వచ్చినప్పుడు అడ్మిన్ ఏం చేయాలి?

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకో, ఊరి ఫేస్‌బుక్ గ్రూపుకో, బడిపిల్లల తల్లిదండ్రుల గ్రూపుకో మీరు అడ్మిన్ అయితే 2024 ఏప్రిల్ నెలాఖరు మీకు గుర్తుండే ఉంటుంది. కోవిషీల్డ్‌కు మూలమైన టీకాను తయారుచేసిన ఆస్ట్రాజెనెకా సంస్థ, ఆ టీకా అత్యంత అరుదుగా టీటీఎస్ అనే సమస్యకు దారితీయవచ్చని బ్రిటన్ హైకోర్టుకు ఇచ్చిన పత్రంలో అంగీకరించిందన్న వార్త అప్పుడు బయటికి వచ్చింది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతూనే, మరోపక్క రక్తం గడ్డకట్టడం ఆ సమస్య లక్షణం. మన దేశంలో అత్యధికులు వేయించుకున్న టీకా కోవిషీల్డే కాబట్టి గ్రూపులన్నీ ఒక్కసారిగా దాని గురించిన సందేశాలతో నిండిపోయాయి. కొందరు అడ్మిన్లు ఆ మాట ఎత్తిన ప్రతి పోస్టునూ తీసేశారు. మరికొందరు తమకెందుకని అన్నీ వదిలేశారు. మొదటి పద్ధతిలో నిజంగా జబ్బుపడ్డవారి గోడు వినేవాడు లేకుండా పోయింది. రెండో పద్ధతిలో, మూడేళ్ల కిందట టీకా వేయించుకుని నిక్షేపంగా ఉన్నవారు కూడా గుండె పట్టుకుని రక్తపరీక్షలకు పరుగెత్తారు.

ఇలాంటి వార్త మళ్లీ వస్తుంది. అది కోవిడ్ టీకా గురించి కావచ్చు, ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా గురించి కావచ్చు, పసిపిల్లలకు వేసే పెంటావాలెంట్ గురించి కావచ్చు. అప్పుడు పోస్టును ఎలా చదవాలో, ఏది ఉంచి ఏది తీసేయాలో, పోస్టు పెట్టిన మనిషికి ఏ దారి చూపించాలో వరుసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక్క సూత్రం మాత్రం మొదటే చెప్పాలి: మనిషికి జరిగిన అనుభవాన్ని ఆపకండి, దాని మీద కట్టిన తీర్పును మాత్రం ప్రశ్నించకుండా వదలకండి. కింద చెప్పిన పనులన్నీ దాదాపుగా ఈ ఒక్కదాన్ని అమలులో పెట్టే పద్ధతులే.

1. నియమాన్ని గొడవకు ముందే రాసి పెట్టండి

గొడవ మొదలయ్యాక పెట్టిన నియమం ఎంత న్యాయమైనదైనా, అది ఎవరో ఒకరి మీద పగతో పెట్టినట్టే కనిపిస్తుంది. అందువల్ల గ్రూపు ప్రశాంతంగా ఉన్న రోజునే వివరణ భాగంలో ఈ అర్థం వచ్చేలా నాలుగు వాక్యాలు చేర్చండి: “టీకా తర్వాత మీకు గానీ మీ ఇంట్లోవారికి గానీ జరిగినదాన్ని ఇక్కడ రాయవచ్చు, ఏ టీకా, ఏ తేదీన వేశారు, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, వైద్యులు ఏమన్నారు అన్నవి చేర్చండి. మూలం తెలియని ఫార్వర్డులను, వీడియోలను ఉంచం. టీకా వేయించుకోవద్దని గానీ, ఏమీ కాదు ధైర్యంగా వేయించుకోమని గానీ గ్రూపులో వైద్య సలహా ఇవ్వకూడదు. ఏదైనా పోస్టు తీసేస్తే కారణం చెబుతాం.”

మూడో వాక్యాన్ని మరోసారి చూడండి. అది రెండు వైపులా కోసే కత్తి. ఛాతీలో నొప్పిగా ఉందని ఒకరు రాస్తే “గ్యాస్ అయి ఉంటుంది, టీకాతో ఏమీ రాదు” అని ధైర్యం చెప్పే పెద్దమనిషి కూడా వైద్య సలహాయే ఇస్తున్నాడు. టీకాకు అనుకూలమైన తప్పుడు మాటను ఉంచి వ్యతిరేకమైన తప్పుడు మాటను మాత్రం తీసేసే అడ్మిన్ మీద గ్రూపులో సగం మందికి నమ్మకం ఆ రోజే పోతుంది.

2. పోస్టును ముక్కలుగా విడదీసి చదవండి

ఈ పని అన్నిటికంటే ముఖ్యమైనది కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం. మీ గ్రూపులోకి ఇలాంటి సందేశం వచ్చిందనుకోండి:

“మా బాబాయికి రెండో డోసు వేసిన మూడో రోజున పక్షవాతం వచ్చింది. ఈ టీకాతో రక్తం గడ్డకడుతుందని కంపెనీ వాళ్లే కోర్టులో ఒప్పుకున్నారు. డాక్టర్లు నిజం చెప్పరు. మీ పిల్లలకు ఏ టీకా వేయించకండి. ఈ మెసేజ్ పదిమందికి పంపండి.”

దీన్ని ఒకే సందేశంగా చూస్తే ఉంచాలా, తీసేయాలా అన్న రెండే దారులు కనిపిస్తాయి. వాక్యాలుగా చూస్తే లెక్క మారుతుంది. మొదటి వాక్యం సంఘటన. ఆ ఇంట్లో మీరు లేరు, కాబట్టి అది అబద్ధమనే హక్కు మీకు లేదు. రెండో వాక్యంలో వార్త ఉంది, అది చాలావరకు నిజమే, కానీ “అత్యంత అరుదుగా” అన్న మాట మధ్యలో ఎక్కడో రాలిపోయింది. మూడోది కోపంతో చెప్పిన అభిప్రాయం. మనిషి బాధలో అన్న మాటను పట్టుకుని తగువు పెట్టుకోవడం అనవసరం. నాలుగో వాక్యం సలహా, అసలు ప్రమాదం అంతా అక్కడే ఉంది. పెద్దలకు వేసిన ఒక కోవిడ్ టీకా గురించి మొదలైన మాట, ఒక్క గెంతులో పసిపిల్లల తట్టు టీకా దాకా, పోలియో చుక్కల దాకా వెళ్లింది. ఆ రెంటినీ ముడిపెట్టడానికి ఏ ఆధారమూ లేదు. ఐదో వాక్యం గొలుసు సందేశపు తోక.

అంటే ఈ ఐదింటిలో మీరు ఆపవలసినవి చివరి రెండు, సరిదిద్దవలసినది రెండోది, మిగతావి ఆ మనిషివి. వాట్సాప్‌లో అడ్మిన్ సందేశం మొత్తాన్ని తీసేయగలరు తప్ప అందులో ఒక వాక్యాన్ని తీసేయలేరు. కాబట్టి తీసే ముందు, అవకాశం ఉంటే, ఆ వ్యక్తికి విడిగా రాయండి. వాక్యం ఎలా మొదలవుతుందన్న దాన్ని బట్టే ఫలితం ఉంటుంది. “మీ పోస్టు నియమాలకు విరుద్ధం” అని మొదలుపెడితే యుద్ధం ఖాయం. “బాబాయిగారికి ఇప్పుడు ఎలా ఉందండీ? ఏ ఆసుపత్రిలో చూపించారు? జరిగింది మీరు తప్పకుండా గ్రూపులో చెప్పండి. పిల్లల టీకాల గురించిన చివరి మాటలు మాత్రం తీసేసి మళ్లీ పెట్టగలరా? మన గ్రూపులో బాలింతలు ఉన్నారు, కంగారుపడతారు” అని రాస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అప్పుడు తీసేయండి, తీసేసి గ్రూపులో ఇలా రాయండి: “ఒక సభ్యుడు తమ ఇంట్లో జరిగిన ఇబ్బందిని పంచుకున్నారు, పిల్లల టీకాల గురించిన సలహా నియమానికి విరుద్ధం కాబట్టి తీసేశాం, జరిగిన సంగతిని ఆయన మళ్లీ రాయవచ్చు.” కారణం చెప్పకుండా మాయం చేసిన పోస్టుకు రెట్టింపు విలువ వస్తుందని ఏ అడ్మిన్‌కూ వేరే చెప్పనక్కరలేదు.

3. ఏ టీకా, ఏ దేశం, ఎన్ని రోజులకు అని అడగండి

తెలుగు గ్రూపుల్లో గందరగోళానికి పెద్ద కారణం ఒకటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువు పంపిన లింకు ఫైజర్, మోడర్నా టీకాల గురించినది అయి ఉంటుంది. ముఖ్యంగా యువకుల్లో, అందులోనూ రెండో డోసు తర్వాత, గుండె కండరానికి వాపు అరుదుగా వస్తోందని గుర్తించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 జూన్‌లో ఆ రెండు టీకాల సమాచార పత్రాల్లో హెచ్చరిక చేర్చింది. అది నిజం. కానీ మన దేశంలో ప్రజలకు వేసినవి ప్రధానంగా కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఆ లింకు మన గ్రూపులోకి వచ్చేసరికి “టీకాతో గుండె వాపు” అన్న మూడు మాటలే మిగులుతాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఎప్పుడూ “ఇది ఏ టీకా?” అన్నదే కావాలి.

రెండో ప్రశ్న కాలం గురించినది. టీటీఎస్ సాధారణంగా టీకా వేసిన కొద్ది వారాల్లోపు వచ్చే సమస్య. కేంద్ర ఆరోగ్యశాఖ 2021 మే 17న ఇచ్చిన ప్రకటనలో, కోవిషీల్డ్ వేయించుకున్న 20 రోజుల్లోపు ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, కాళ్లు చేతులు వాయడం, సూది గుచ్చినట్టు చర్మంపై ఎర్రని చుక్కలు, తగ్గని కడుపునొప్పి, తీవ్రమైన తలనొప్పి వంటివి ఉంటే వెంటనే టీకా వేసిన కేంద్రానికి చెప్పమని సూచించింది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే 2024 మే నెలలో, మూడేళ్ల కిందట వేయించుకున్న టీకాకు ఇప్పుడు రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలా అని అడిగినవారికి అడ్మిన్ జవాబు చెప్పగలిగేవాడు. మాత్రల సంగతి వైద్యుణ్ణి అడగమనాలి, అయితే ఆ ప్రత్యేక ప్రమాదపు కాలం ఎప్పుడో దాటిపోయిందని చెప్పడం సలహా కాదు, సమాచారం.

అదే ప్రకటనలో అంకెలు కూడా ఉన్నాయి. అప్పటికి పరిశీలించిన 498 తీవ్ర ఘటనల్లో 26, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినవిగా భావించదగినవని, అది పది లక్షల డోసులకు 0.61 చొప్పున అని చెప్పారు. బ్రిటన్‌లో అది 4, జర్మనీలో 10 అని కూడా అందులోనే ఉంది. ఈ తేడా చూపించి “మన దగ్గర నమోదు సరిగా జరగలేదేమో” అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తప్పుడు ప్రచారంగా లెక్కకట్టకండి. దక్షిణాసియా ప్రజలలో ఈ ముప్పు తక్కువని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. నమోదు మీద అనుమానం కూడా అడగదగినదే. ప్రశ్నను, ప్రచారాన్ని వేరుచేయలేనివారు అడ్మిన్‌గా ఉండకపోవడమే మేలు.

4. “తర్వాత” అన్న మాటకు, “వల్ల” అన్న మాటకు మధ్య ఆగండి

మన దేశంలో ఏ టీకా కార్యక్రమమూ లేని రోజున కూడా ఇరవై వేలమందికి పైగా చనిపోతారు. కోట్లమందికి టీకా వేస్తున్నప్పుడు, వారిలో కొందరికి మర్నాడో వారానికో గుండెపోటు రావడం, టీకా లేకపోయినా జరిగేదే. అలాగని ప్రతి మరణాన్నీ యాదృచ్ఛికమని కొట్టిపారేయడం ఇంకా పెద్ద తప్పు. తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. టీకా తర్వాతి ప్రతికూల ఘటనలను పరిశీలించే జాతీయ ఏఈఎఫ్‌ఐ కమిటీ చేసేది ఆ పనే.

2021 జూన్‌లో బయటికి వచ్చిన ఒక నివేదికను గ్రూపులో ఉదాహరణగా వాడుకోవచ్చు. కమిటీ 31 తీవ్ర ఘటనలను పరిశీలించి, 18 టీకాతో సంబంధం లేనివని, 7 ఇటో అటో తేల్చలేనివని, 2 సమాచారం చాలక వర్గీకరించలేనివని, 1 సూది భయం వల్ల వచ్చినదని, 3 మాత్రం టీకా వల్లనే జరిగినవని తేల్చింది. ఆ మూడూ తీవ్రమైన అలెర్జీ కేసులు. ఇద్దరు కోలుకున్నారు, మార్చి 8న టీకా వేయించుకున్న 68 ఏళ్ల వ్యక్తి మరణించారు. దేశంలో కోవిడ్ టీకాకు ముడిపడిన మొదటి మరణంగా అధికారిక కమిటీయే ధ్రువీకరించినది అది. ఈ నివేదికను రెండు వర్గాలకూ చూపించండి. “టీకాతో ఎవరికీ ఏమీ కాదు” అనేవారికీ, “అన్నీ దాచేస్తారు” అనేవారికీ అది ఒకేసారి జవాబు. టీకా వేశాక అరగంట కూర్చోమని ఎందుకంటారో కూడా దానితోనే అర్థమవుతుంది.

పెళ్లి ఊరేగింపులో నాట్యమాడుతూ కుప్పకూలిన కుర్రాడి వీడియో, జిమ్‌లో పడిపోయిన యువకుడి సీసీ కెమెరా దృశ్యం ఇప్పటికీ “టీకా ఫలితం” అన్న శీర్షికతో తిరుగుతున్నాయి. వీటి విషయంలో భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన అధ్యయనం ఉపయోగపడుతుంది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య అకస్మాత్తుగా మరణించిన 729 మందిని, అదే వయసులో బతికున్న 2,916 మందితో పోల్చి చూస్తే, రెండు డోసులు వేయించుకున్నవారిలో ముప్పు తక్కువగానే కనిపించింది. మునుపు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, తీవ్రమైన శారీరక శ్రమ వంటివి ముప్పును పెంచినవిగా తేలాయి. వీడియో విషయంలో మాత్రం అధ్యయనం దాకా కూడా వెళ్లనక్కరలేదు: చనిపోతున్న మనిషి దృశ్యాన్ని, ఆ కుటుంబం అనుమతి లేకుండా, ఏ శీర్షికతోనైనా సరే గ్రూపులో ఉంచకూడదు. తీసేయడానికి ఆ కారణం ఒక్కటే చాలు.

5. వార్తలోని ముక్కలన్నీ నిజమైనా ముడి అబద్ధం కావచ్చు

2024 మే 7న ఐరోపాలో ఆస్ట్రాజెనెకా టీకా అనుమతి ఉపసంహరణ అమల్లోకి వచ్చింది. కోర్టు పత్రం వార్త వచ్చిన వారం పదిరోజులకే ఇది రావడంతో “ఒప్పుకున్నారు, అందుకే వెనక్కి తీసుకున్నారు” అని తెలుగు యూట్యూబ్ ఛానళ్లు తేల్చేశాయి. ఉపసంహరణకు సంస్థ దరఖాస్తు పెట్టుకున్నది మార్చిలోనే, కొత్త రకాల వైరస్‌లకు సరిపడే టీకాలు వచ్చి గిరాకీ పడిపోవడమే కారణమని సంస్థ చెప్పింది. సంస్థ మాటను నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. వార్త బయటపడిందని జడిసి వెనక్కి తీసుకున్నారన్న మాటకు మాత్రం తేదీల వరుస ఒప్పుకోదు. పైగా రక్తం గడ్డకట్టే సమస్యను ఐరోపా ఔషధ సంస్థ 2021 ఏప్రిల్ 7ననే అత్యంత అరుదైన దుష్ప్రభావంగా చేర్చమంది. మూడేళ్లు దాచి కోర్టులో బయటపడ్డ రహస్యమన్న కథ అక్కడే వీగిపోతుంది. గ్రూపులో ఇలాంటిది వస్తే పోస్టు తీసేయకండి, దాని కిందనే తేదీలు వరుసగా రాయండి. వాదన అక్కరలేకుండా తేదీలే పని చేస్తాయి.

మనకు దగ్గరి ఉదాహరణ ఖమ్మం. హెచ్‌పీవీ టీకా మాట వచ్చిన ప్రతిసారీ “ఖమ్మంలో గిరిజన బాలికలను చంపారు” అన్న సందేశం వస్తుంది. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాలు వేయించింది. గుజరాత్‌లోని వడోదరలో కూడా అలాంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్టు వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదని, నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, జ్వరం వంటివి కారణాలని చెప్పారు. అదే సమయంలో, హాస్టళ్లలో ఉన్న పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి కూడా బయటపడింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఈ మొత్తంలో “టీకా చంపింది” అన్నది నిలవదు, “పేద పిల్లల విషయంలో అనుమతి నియమాలను తుంగలో తొక్కారు” అన్నది నిలుస్తుంది. మొదటి మాటను సరిదిద్దే తొందరలో రెండో మాటను కూడా తుడిచేశారంటే భద్రాచలం వైపు నుంచి ఉన్న సభ్యుడెవరూ మీ మాట మళ్లీ వినడు, వినకూడదు కూడా.

టీకా తర్వాతి ఇబ్బందులపై ఫిర్యాదులు తీసుకునే అమెరికా నమోదు వ్యవస్థ ‘వేర్స్’ అంకెలు చూపించే పోస్టులకు మాత్రం చిన్న వివరణ చాలు. అందులో ఎవరైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అవి అనుమానాలను పసిగట్టడానికి పెట్టుకున్న వలలో పడినవి, టీకా వల్ల జరిగినవని తేలినవి కావు. ఇక ఏ మూలమూ లేని ఫార్వర్డుకు వాట్సాప్‌లోనే గుర్తు కనిపిస్తుంది: రెండు బాణాల గుర్తుతో “చాలాసార్లు ఫార్వర్డ్ చేసినది” అని ఉంటే, అది మీ సభ్యుడి అనుభవం కాదని అర్థం. అలాంటివి నియమం ప్రకారం తీసేయడానికి ఆలోచించనక్కరలేదు. అనుమానం ఉంటే హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థల తెలుగు పరిశీలనలు వెతకండి. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన మాటైతే పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది. అయితే అది ప్రభుత్వపు విభాగమే కాబట్టి, ప్రభుత్వం మీద ఫిర్యాదు ఉన్న విషయంలో దాని ముద్రనే చివరి మాటగా గ్రూపులో పెట్టకండి.

6. తీసేసే ముందు, పెద్ద సంస్థలకు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి

2021లో ఫేస్‌బుక్, యూట్యూబ్, ట్విట్టర్ టీకాల మీద కఠిన నియమాలు పెట్టాయి. ఆ ఏడాది మార్చిలో ఫేస్‌బుక్ ప్రతినిధి అమెరికా అధ్యక్ష కార్యాలయానికి రాసిన ఈమెయిల్ తర్వాత కోర్టు కేసులో బయటికి వచ్చింది. టీకాల మీద వెనుకంజ వేయించే సమాచారంలో చాలామటుకు నిజమైనదే ఉంటుందని, దాన్ని పూర్తిగా తీసేయకుండా వ్యాప్తిని తగ్గిస్తున్నామని అందులో ఉంది. నిజమని తెలిసే వ్యాప్తి తగ్గించారన్న సంగతి బయటపడ్డాక, అబద్ధాలను తీసేసిన సందర్భాలను కూడా జనం అదే కళ్లతో చూశారు. 2021 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసిన పరిశోధనా కథనానికే ఫేస్‌బుక్‌లో “సందర్భం లోపించింది” అన్న ముద్ర పడింది, ఆ పత్రిక బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. మరోవైపు, మాటల మీద నిఘా పెడితే జనం మాట మార్చుకుంటారు: టీకా అన్న మాటకు బదులు క్యారెట్ బొమ్మ పెట్టుకుని నడిచే ఫేస్‌బుక్ గ్రూపులు 2022లో బయటపడ్డాయి. మన దగ్గర కీలక పదాలను నిషేధించే అడ్మిన్లు ఈ క్యారెట్‌ను గుర్తుంచుకోవడం మంచిది. 2022 నవంబరు నుంచి ట్విట్టర్ తన కోవిడ్ నియమాన్ని అమలు చేయడమే మానేసింది.

ఆ సంస్థలకు లేని సౌలభ్యం మీకు ఉంది. మీకు మనిషి తెలుసు. వాళ్ల బాబాయి ఏ వీధిలో ఉంటాడో కూడా తెలుసు. వందల కోట్లమంది పోస్టులను యంత్రంతో వడపోసేవాళ్ల నియమాన్ని మీరు అరువు తెచ్చుకోనక్కరలేదు. నా లెక్కలో వెంటనే తీసేయవలసినవి నాలుగే: టీకా మానేయమనే లేదా వేసుకున్న మందులు ఆపేయమనే సలహా, తయారుచేసిన పత్రం లేదా మార్చిన వీడియో, టీకా వేసిన ఏఎన్‌ఎం మీద గానీ ఆశా కార్యకర్త మీద గానీ పేరుపెట్టి చేసే బెదిరింపు, ఒకరి వైద్య వివరాలను వారికి తెలియకుండా పెట్టడం. చివరిది జనం పట్టించుకోరు. టీకా ధ్రువపత్రం ఫొటోలో పేరు, వయసు, గుర్తింపు కార్డు చివరి అంకెలు, క్యూఆర్ కోడ్ అన్నీ ఉంటాయి. బాధితుడే పెట్టినా సరే, వాటిని చెరిపి మళ్లీ పెట్టమని చెప్పండి.

సభ్యులు పెట్టిన ప్రతి మాటకూ అడ్మినే జైలుకు పోతాడన్న భయంతో అన్నీ తీసేసేవారు కొందరున్నారు. సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను నేరుగా బాధ్యుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీరే స్వయంగా ఫార్వర్డ్ చేస్తే మాత్రం అది మీ పోస్టే.

7. ఆ రాత్రి గ్రూపును ఎలా నడపాలి

ఇలాంటి గొడవలు సాధారణంగా రాత్రి భోజనాల తర్వాత ముదురుతాయి. వందల సందేశాలు వచ్చిపడుతున్నప్పుడు అడ్మిన్లు మాత్రమే రాసేలా అమరిక మార్చి, తెల్లవారి ఏ సమయానికి తిరిగి తెరుస్తారో చెప్పండి. సమయం చెప్పని నిశ్శబ్దం నిషేధంలా కనిపిస్తుంది. మూసే ముందు ఒకే ఒక్క సందేశాన్ని పైన పిన్ చేయండి: జరిగినదాని గురించి తెలిసినది, తేలనిది, లక్షణాలు ఉన్నవారు ఎవరిని కలవాలన్నది. మీ గ్రూపులో డాక్టరు ఉంటే ఆయన్ని బలవంతంగా ముందుకు నెట్టకండి. రాత్రి పదకొండు గంటలకు అందరి ప్రశ్నలకూ జవాబు చెప్పమని ఆయన మీద పడేయడం అన్యాయం. ఫేస్‌బుక్ గ్రూపైతే కొన్ని రోజులపాటు పోస్టులకు ముందస్తు ఆమోదం పెట్టుకోవచ్చు, తిరస్కరించేటప్పుడు కారణం రాసే వీలు కూడా అందులో ఉంది.

8. పోస్టు పెట్టిన మనిషిని నమోదు దాకా తీసుకెళ్లండి

చాలామంది అడ్మిన్లు తీసేయడం దగ్గరో ఉంచడం దగ్గరో ఆగిపోతారు. గ్రూపులో రాసిన గోడు ఏ లెక్కలోకీ రాదు. అధికారికంగా నమోదైతేనే అది కమిటీ ముందుకు వెళుతుంది. టీకా విధానంపై 2022 మే 2న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా, ప్రతికూల ఘటనలను ప్రజలూ ప్రైవేటు వైద్యులూ నేరుగా తెలియజేసే వీలు కల్పించమని కేంద్రాన్ని ఆదేశించింది.

ముందు ప్రాణం సంగతి: ఊపిరి ఆడకపోవడం, మూర్ఛ, స్పృహ తప్పడం వంటివి ఉంటే 108కి ఫోన్ చేయమనండి, మిగతావన్నీ ఆ తర్వాత. పసిపిల్లల విషయంలో ఏఎన్‌ఎం టీకా వేసేటప్పుడే ఏ టీకా వేసిందో, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి కార్డు భద్రపరచమంటుంది. పెంటావాలెంట్ తర్వాత జ్వరం, సూది వేసిన చోట వాపు, బీసీజీ వేసిన కొన్ని వారాలకు చిన్న పుండు వంటివి అలా ముందే చెప్పేవే, వీటికి కంగారు అక్కరలేదు. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినా, మరణం సంభవించినా, ఒకే చోట ఒకే రోజు టీకా వేయించుకున్న పలువురికి ఒకేలాంటి ఇబ్బంది వచ్చినా అది తీవ్ర ఘటన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చెబితే, ఆయన 24 గంటల్లో జిల్లా టీకాల అధికారికి నివేదించాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించినా జిల్లా టీకాల అధికారికి నేరుగా తెలపవచ్చు.

రెండో దారి ఔషధాల భద్రతను చూసే జాతీయ కార్యక్రమం, పీవీపీఐ. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతుంది. పనిదినాల్లో 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. రోగులు నింపవలసిన పత్రం తెలుగులో కూడా ఉంది. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చాలావాటిలో దీనికి సంబంధించిన కేంద్రాలున్నాయి.

ఆ మనిషి చేత ఒక కాగితం మీద ఇవి రాయించండి: టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఏ డోసు, వేసిన తేదీ, సమయం, ఇబ్బంది మొదలైన తేదీ, సమయం, అంతకుముందున్న జబ్బులు, వాడుతున్న మందులు. డిశ్చార్జ్ సమ్మరీ, రక్తపరీక్షల కాగితాలు, ముఖ్యంగా ప్లేట్‌లెట్ల సంఖ్య ఉన్నది, పారేయవద్దని చెప్పండి. మరణం జరిగిన ఇంట్లో శవపరీక్ష మాట ఎత్తడం కష్టమే, కానీ అది లేకపోతే చాలా కేసులు “సమాచారం చాలదు” అన్న గడిలోనే మిగిలిపోతాయి. ఆ కుటుంబానికి దగ్గరి పెద్దవాళ్ల ద్వారా ఈ సంగతి చెప్పించండి, గ్రూపులో మాత్రం రాయకండి. నమోదు చేశాక వచ్చిన గుర్తింపు సంఖ్యను దాచమనండి. వారు ఒప్పుకుంటే “ఈ ఘటన ఫలానా తేదీన నమోదైంది” అన్న ఒక్క వాక్యం గ్రూపులో పెట్టండి. అంతవరకూ జరిగిన వాగ్వాదం చాలాసార్లు ఆ వాక్యంతోనే చల్లబడుతుంది.

9. మీ పోస్టునే వేదిక తీసేస్తే

నిజమైన అనుభవం రాసినా ఫేస్‌బుక్ గానీ యూట్యూబ్ గానీ తొలగించవచ్చు. వ్యక్తిగత అనుభవాలను అనుమతిస్తామని యూట్యూబ్ 2021 సెప్టెంబరులో ప్రకటించిన నియమాల్లోనే ఉంది, కానీ శీర్షికలో “టీకా చంపుతుంది” అని పెట్టి, లోపల మీ అమ్మగారి జ్వరం గురించి మాట్లాడితే ఆ వెసులుబాటు నిలవదు. తొలగింపు నోటీసు స్క్రీన్‌షాట్ తీసి, మొదట వేదికలోనే అప్పీలు చేయండి. అప్పీలులో కోపం వద్దు, “ఇది నా స్వీయ అనుభవం, వైద్య పత్రాలు ఉన్నాయి, ఎవరికీ సలహా ఇవ్వలేదు” అన్న మూడు మాటలు చాలు. తర్వాత ఆ సంస్థ భారత ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో ఆయన తెలపాలి. ఆ జవాబుతో తృప్తి లేకపోతే, అది అందిన 30 రోజుల్లోపు, 2023 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు పెట్టవచ్చు. దానికి వకీలు అక్కరలేదు, తొలగించిన పోస్టు పూర్తి పాఠం, తేదీ, వేదిక ఇచ్చిన కారణం మీ దగ్గర ఉంటే సరిపోతుంది. అందుకే టీకా గురించి ఏది రాసినా, పోస్టు చేసే ముందే దాని నకలు ఫోన్‌లో విడిగా దాచుకోండి.